పదిహేడో నంబరు దీపం

జమ్మికుంట జిన్నింగు మిల్లుల రెండు వానలు పడ్తయి.
ఒకటి మొగులుకెల్లి.
ఇంకోటి మిషన్ల నోట్లకెల్లి పైకి లేచి
చప్పుడు లేకుండ తెల్లగ దిగేది.
ఆ రెండోదాన్ని నెత్తిన మోసేది మనుషులే కాదు,
ముప్పై అడుగుల ఎత్తుల ఏలాడే దీపాలు గూడ.

"ఎల్ఈడీకి పనేముంటది,
పెట్టి మర్చిపోవుడే" అన్నడు అమ్మినాయిన.
మర్చిపోయినం.
రెండో సీజనుకు అల్యూమినియం రెక్కల సందుల దూది పేరుకొని
దీపం, ఎండకాలంల రగ్గు కప్పుకున్న జరమోడు.
ముందు కండ్లు టపటప కొట్టుకున్నది.
తర్వాత ఓ మూలకు నల్లచుక్క.
ఒక్క చుక్క మాడితే ఆ వరుసంత చీకటి.

గప్పటిసంది నాదొక ఇగురం.
మెయిను దించుత, తాళమేస్త,
తాళంచెవి నా అంగి జేబుల.
"ఓదెలు పైన ఉన్నడు, ముట్టొద్దు" అని అట్టముక్క కడ్త.
అయిదు నిమిషాలు ఊకె కూసుంట.
వైరు సచ్చినట్టే ఉంటది,
కెపాసిటర్ల ఇంకా పానముంటది.
మా మేస్త్రి రాజమొగిలి ఇప్పటికీ కుంటుతడు.
షాకు చిన్నదే,
నిచ్చెన పెద్దది.

నీళ్లు తగలనియ్య. పొడి బ్రష్షే.
రెక్కరెక్కకు, పసిపోరని చెవి తుడిసినట్టు.
రబ్బరు పగిలిందా, పురుగు దూరిందా,
స్క్రూ వదులైందా.
మార్కరు రాత నిలవదని
డ్రైవరు డబ్బా మీద మేకుతోటి గీస్త:
నంబరు, తారీకు, కింద ఒక "ఓ".

సచ్చిన దీపాల సంగతి ఎవరు పట్టించుకున్నరు?
గోనెసంచిల ఏస్తుంటిమి.
దసరా ముందట యాకూబ్ ట్రాలీ ఆటో తెచ్చి
కిలోల లెక్కన కొంటుండె.
మోపు ఎత్తించింది నేనే,
మీది పైసలతోటి చాయ్ తాగింది నేనే.

ఓ మాపటీలి
రైలుపట్టాల అవతలికెల్లి బండి మీద పోతున్న.
గాలిల పచ్చటి పొగ, నాలిక మీద ఇనుము రుచి.
ముగ్గురు పోరగాళ్లు పలకల్ని కాలబెడ్తున్నరు, రాగి కోసం.
ఒకడు లెన్సు కంటికి పెట్టుకొని
నన్ను వంద ముక్కలుగ చూసి నవ్విండు.
బూడిదల ఒక డబ్బా.
కాలుతోటి తిప్పిన.
పదిహేడు. ఓ.

ఆరేండ్లు తుడిసిన చెయ్యి నాదే,
ఆ పొగ కింద పెట్టిన సంతకమూ నాదే.

యాకూబ్ మీద కోపం రాలే.
"సీసం ఉంటదని నాకెవరు చెప్పిండ్రు?" అన్నడు.
నిజమే, నాకు మాత్రం ఎవరు చెప్పిండ్రు?
హుజూరాబాద్ ఐటీఐ నుంచి వచ్చిన పిల్ల, సుప్రజ, చెప్పింది.
అదే ఫోను చేసింది హైదరాబాదుకు,
పర్మిషనున్న రీసైక్లింగు కంపెనీకి.
"రెండువందల కిలోలు జమైతే బండి పంపుతం."

యాకూబుతోటి ఒప్పందం:
పై ఒళ్లు నీకు, లోపలి పలక, డ్రైవరు మాకు.
పగిలింది పగిలినట్టే అట్టపెట్టెల,
వాన తగలని మూలకు,
బేళ్ల పట్టీల ఎనుక.
"పాత దీపాలకు గది కిరాయి ఎవడిస్తడు?"
సేటు దినాం అడుగుతడు.
సుప్రజ కాంటా చీటీ గోడకు అంటించింది.
పోయిన సోమారం నలభై ఒక్క కిలోలు.

రెండువందలు ఎప్పటికైతయో లెక్క తేలలే.
నిన్న ఆ లెన్సు పోరడు గేటుకాడికొచ్చిండు,
సంచిల మూడు పలకలు, కాలనియి.
"పైసలిస్తరా?" అన్నడు.
ఏం చెప్పాల్నో తోచక
ముందు చేతులు కడుక్కోమన్న.
సబ్బు అరిగేదాక కడిగిండు.

పైన కొత్త పదిహేడు.
మెయిను దించిన. అట్టముక్క కట్టిన.
సుప్రజ గడియారం చూస్తున్నది,
వాడు నా పక్కన కూసున్నడు, తడిచేతులు లాగుకు తుడుసుకుంట.
ఇంకా మూడు నిమిషాలు.